డబ్బా కూర మా ఇంటి వంటే, తెలుగు వంటే

ఈమధ్య మన బయటి తెలుగు సంఘాల్లో ఒకటి ఉగాదికి వంటల పుస్తకం వేస్తున్నామని చెప్పి, ఇంటింటి నుంచి ఒక పాత వంట రాసి పంపమని అడిగింది. అవ్వతాతల కాలం నుంచి చేస్తున్నది ఏదైనా సరే అన్నారు. మా ఇంటి నుంచి మేము డబ్బా కూర రాసి పంపాము. అంటే టిన్ను మాంసాన్ని మన మసాలాతో, చింతపండుతో, ఉర్లగడ్డలతో వండే కూర. వారం తిరక్కముందే జవాబు వచ్చింది. ఇది తెలుగు వంట కాదట. గోంగూర మాంసమో, నాటుకోడి పులుసో పంపితే వేసుకుంటారట.

మేము గోంగూర మాంసం పంపలేదు. దానికి బదులు ఇది రాస్తున్నాము.

ముందు ఈ కూర మా ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. మాది చిత్తూరు వైపు నుంచి బెంగళూరు దండుకు వచ్చిన కుటుంబం. ఈ దండును ఇంగ్లీషువాళ్లు 1809లో పెట్టారు. చుట్టూ మైసూరు రాజ్యం, మధ్యలో వాళ్ల పాలన. 1949లో గానీ పేట, దండు కలిసి ఒకే కార్పొరేషన్ కాలేదు. హలసూరు చెరువు పక్కన మద్రాస్ సాపర్స్ ఉంది. 1780లో మొదలైన పటాలం అది. తమిళులు, తెలుగువాళ్లు, కన్నడిగులు, మలయాళీలు అందరూ అందులో చేరారు. మా తాత కూడా చేరాడు. భూమి లేదు, వాన లేదు, నెల జీతం ఉంది కాబట్టి చేరాడు. రెండో యుద్ధంలో బర్మా వైపు పోయి, బతికి తిరిగొచ్చాడు. మెడల్ తెచ్చాడు, మలేరియా తెచ్చాడు, టిన్ను మాంసం తినే అలవాటు తెచ్చాడు. తరువాత క్యాంటీన్ నుంచి అప్పుడప్పుడు ఒకటి రెండు డబ్బాలు ఇంటికి వచ్చేవి.

అవ్వ మొదట ఆ డబ్బాను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఆమెకు చదువు రాదు. డబ్బా మీద ఏమి రాసుందో పక్కింటి టీచరమ్మతో చదివించుకునేది. గొర్రె మాంసమని తేలితేనే లోపలికి. చీటీ ఊడిపోయిన డబ్బా అయితే ఎంత ఆకలున్నా వెనక్కే. ఇది చాదస్తమని నవ్వేవాళ్లు చరిత్ర కొంచెం చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, మెసొపొటేమియాలోని కూత్ ఊళ్లో చిక్కుకుపోయిన భారతీయ సిపాయిల్లో చాలామంది గుర్రపు మాంసం ముట్టకుండా వారాల తరబడి చిక్కి శల్యమయ్యారు. తినేది ఏమిటన్నది మనవాళ్లకు ఎప్పుడూ చిన్న విషయం కాదు. డబ్బా తెరిచినంత మాత్రాన ఆచారం గాలికి పోలేదు. డబ్బాను కూడా ఆచారం కిందికి తెచ్చుకున్నారు.

ఇప్పుడు సంఘం వాళ్ల మాటకు వద్దాము.

మొదటి మాట: ఆ సరుకు మనది కాదు. సరే, మనది ఏది? మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. టమాటా, ఉర్లగడ్డ కూడా ఆ ఖండానివే. మా బెంగళూరు వైపు ప్రాణం పెట్టే రాగి పుట్టింది తూర్పు ఆఫ్రికా ఎత్తు భూముల్లో. మీరు పంపమన్న గోంగూర ఉంది చూశారూ, దాని పుట్టిల్లు కూడా ఆఫ్రికా అనే వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు చెప్తారు. మిరపకాయ తీసేసి ఆంధ్ర వంటల పుస్తకం వేయండి చూద్దాం. సరుకు ఎక్కడిదన్నది కొలత అయితే ఆ పుస్తకంలో అట్టలు తప్ప ఏమీ మిగలదు. వంటను మనది చేసేది చెయ్యి. ఏది ముందు వేగాలి, పులుపు ఎప్పుడు పడాలి, కారం ఎంత, అన్నంలోకా సంగటిలోకా, ఈ తీర్పులే వంటకు భాష. అవ్వ ఆ తీర్పులన్నీ తెలుగులోనే చేసింది.

రెండో మాట: మన పెద్దలు తాజాది తప్ప తినలేదు, డబ్బాలో నిలవ ఉన్నది తినే ఖర్మ మనకేమిటి? ఈ మాట అన్నవాళ్లింట్లో ఆవకాయ జాడీ లేదా? ఎండు చేపల వాసన తెలియని తెలుగు ఊరు ఉందా? సీమలో మాంసాన్ని ఉప్పు, పసుపు రాసి దండెం మీద ఎండబెట్టి ఒట్టి తునకలు చేసుకోలేదా? వేట తెగిన రోజు తిని, మిగిలింది ఎండబెట్టుకుని, నెలల తరబడి కొంచెం కొంచెంగా పులుసులో వేసుకున్నవాళ్లం. వారం వారం తాజా మాంసం అన్నది చాలా ఇళ్లకు నిన్నమొన్నటి వైభోగం. డబ్బా మాంసం ఒట్టి తునకలకు దూరపు చుట్టమే. అక్కడ ఎండ కాపాడింది, ఇక్కడ వేడి, రేకు కాపాడాయి.

ఆ రేకు కథ కూడా చిన్నది కాదు. ఫ్రాన్సులో నికొలా అప్పేర్ అనే వంటవాడు ఆహారాన్ని సీసాలో మూసి మరిగించి నిలవ చేసే పద్ధతి కనిపెట్టి, 1810లో ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమతి తీసుకున్నాడు. అదే ఏడు ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ రేకు డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. డబ్బా తెరిచే పనిముట్టుకు అమెరికాలో పేటెంటు వచ్చింది మాత్రం 1858లో! అంతదాకా ఉలి, సుత్తి, సిపాయి బాకు, ఏది దొరికితే అది. మా తాత కూడా చివరిదాకా చాకుతోనే తెరిచేవాడు. తరువాత అదే విద్యను మన సైన్యం కోసం సాగించిన రక్షణ ఆహార పరిశోధన శాల 1961లో మా పక్క మైసూరులోనే మొదలైంది. సైన్యం ఉన్నచోట నిలవ తిండి ఉంటుంది. ఆ తిండి ఎప్పటికో ఒకప్పటికి ఇంటి గడప దాటుతుంది.

మూడో మాట పైకి అనరు గానీ లోపల అదే ఉంది: ఇది తెల్లదొరల పటాలం తిండి, చెప్పుకోవడానికి నామోషీ. ఈ నామోషీ బెంగళూరులో ఉండేవాళ్లకు రావడమే వింత. ఈ ఊళ్లో మాంసాహార హోటలుకు మిలిటరీ హోటల్ అని పేరు. ఆదివారం పొద్దున్నే దాని ముందు నిలబడి ముద్ద, తలకాయ కూర తిని మీసం దువ్వుకుంటారు. మిలిటరీ ఇంటి కూర అనగానే ముఖం చిట్లిస్తారా? యుద్ధకాలంలో బియ్యానికి కటకట వచ్చినప్పుడు రవ్వతో ఇడ్లీ మొదలుపెట్టింది తామేనని ఎంటీఆర్ వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఇవాళ రవ్వ ఇడ్లీని యుద్ధపు ఎంగిలి అని ఎవరైనా అంటున్నారా? కరువులో పుట్టిన ఇడ్లీకి గౌరవం ఉన్నప్పుడు, అదే యుద్ధంలో పుట్టిన కూరకు ఎందుకు లేదు?

ఊరు దాటి చూద్దాం. కొరియాలో యుద్ధం తరువాత అమెరికా పటాలాల నుంచి వచ్చిన డబ్బా మాంసాన్ని తమ కారం ముద్దలో, కిమ్చీలో వేసి ఉడికించారు. దాని పేరే పటాలం పులుసు. బుదే జ్జిగే అంటారు. ఇవాళ అది వాళ్లు అతిథులకు పెట్టే వంట. హవాయిలో డబ్బా మాంసపు ముక్కను అన్నం మీద పెట్టి సముద్రపు నాచుతో చుట్టి బడి పిల్లలకు ఇస్తారు. ఫిలిప్పీన్స్‌లో డబ్బా మాంసం, వెల్లుల్లి అన్నం పొద్దుటి ఫలహారం. వాళ్లెవరూ దాన్ని పుస్తకంలోంచి కొట్టేయలేదు. మద్రాస్ సాపర్స్‌లో 1912లో తయారైన పేలుడు గొట్టానికి ప్రపంచమంతా బెంగళూరు టార్పెడో అని పేరు పెట్టి గుర్తుంచుకుంది. ఆ పటాలం సిపాయి భార్య పొయ్యి మీద తయారైన కూరను మనవాళ్లే గుర్తుంచుకోం అంటున్నారు.

నాలుగో మాట ఆరోగ్యం. ఇందులో నిజం ఉంది, దాన్ని దాటేసి పోము. డబ్బా మాంసంలో ఉప్పు ఎక్కువ, కొవ్వు ఎక్కువ. ఉప్పు, నైట్రైటు పట్టించి నిలవ చేసిన మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. బీపీ ఉన్నవాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు దూరంగా ఉండాల్సిందే. మా ఇంట్లో కూడా ఇది ఏడాదికి రెండు మూడు సార్లు వండేదే గానీ రోజూ తినేది కాదు. కానీ సంఘం వాళ్లు ఆరోగ్యానికి మంచిది కాదు అని రాయలేదు. తెలుగు కాదు అని రాశారు. ఈ రెండూ వేరువేరు మాటలు. ఆరోగ్యమే కొలత అయితే ఊరగాయలు, నేతి అరిసెలు కూడా అదే తక్కెడలో పెట్టండి. వంట కింద ఒక హెచ్చరిక వేయండి, మేమే రాసిస్తాము.

అసలు గొడవ సరుకుదీ కాదు, ఆరోగ్యానిదీ కాదు. మన వారసత్వం అంటే ఎవరి వారసత్వం అన్నదే గొడవ.

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత మనదే. బయటి తెలుగువాళ్ల వంటల పుస్తకాలు ఏది తిరగేసినా నెయ్యి వాసనే. అందరి తాతలకూ మాగాణి ఉంది, అందరి ఇళ్లలో పాడి ఉంది, అందరూ విస్తరి నిండా పదహారు రకాలు వడ్డించుకున్నారు. మరి ఊరు వదిలి ఎందుకు వచ్చాము? మాగాణి ఉన్నవాడు దండుకు ఎందుకు వస్తాడు? సోలాపూరు మగ్గాల మీదికి, కోలారు బంగారు గనుల్లోకి, రైలు కాలనీల్లోకి మన తెలుగువాళ్లు విస్తరి నిండి రాలేదు, చాలక వచ్చారు. వచ్చిన చోట దొరికినదాన్ని తమ రుచికి తిప్పుకున్నారు. సోలాపూరు తెలుగింట్లో కట్టె జొన్నరొట్టె, పల్లీల పొడి ఉంటాయి. అవి తెలుగు కాదా? కోలారు గనుల కాలనీల్లో తమిళం, తెలుగు, కన్నడం ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకున్నాయి. ఆ ఇళ్ల పులుసులో మూడు రుచులూ ఉంటాయి. బరంపురంలో తెలుగువాళ్ల వంట ఒడియా పొయ్యి పక్కనే పెరిగింది. యానాంలో ఫ్రెంచివాళ్ల రాజ్యం ఉన్నదన్న సంగతి చెరిపేసి ఎవరు చరిత్ర రాస్తారు?

ఇవన్నీ కొట్టేసి అందరిచేతా గోంగూర మాంసం రాయిస్తే ఏమవుతుంది? సోలాపూరు తెలుగువాడు, బెంగళూరు తెలుగువాడు, బరంపురం తెలుగువాడు ముగ్గురూ హైదరాబాదు హోటలు మెనూ కార్డు చూసి రాసినట్టు ఉంటుంది. గోంగూర మాంసం మీద మాకు కోపం లేదు, దొరికితే లొట్టలేసుకుని తింటాము. కానీ దాన్ని మాకన్నా బాగా గుంటూరువాళ్లు రాస్తారు. నూరేళ్లకు పైగా బయట బతికి మనం సంపాదించుకున్నది, మనం తప్ప ఇంకెవరూ రాయలేనిది ఏమిటి? అది రాయకపోతే మన పుస్తకం దేనికి?

ఇంకొక సంగతి. పుస్తకం కావలసింది కొత్తగా బయటికి పోతున్న పిల్లలకు కూడా. మా మనవడొకడు ఐర్లండులో చదువుకుంటూ ఒక గదిలో, ఒకే బాణలితో వండుకుంటున్నాడు. వాడికి అక్కడ గోంగూర వీధి చివర దొరకదు. డబ్బా మాంసం దొరుకుతుంది. వాడు ఫోన్ చేసి అడిగింది నాటుకోడి పులుసు కాదు. డబ్బా కూర ఎట్లా చేయాలి అని. చెప్పగలిగింది ఎనభై దాటిన మా పెద్దత్త ఒక్కతే. మిగిలినవాళ్లం తినడమే నేర్చుకున్నాము. ఆమెకు మాట తడబడకముందే రాసిపెట్టాలని మేము పడుతున్న తొందర అదే. పాతకాలపు వంటలన్నిటిలోనూ ఇవాళ పరాయి దేశంలో ఆకలి తీర్చేది ఏదయ్యా అంటే ఈ కూరే. దాన్నే పుస్తకంలోంచి తీసేశారు.

కాబట్టి ఇక్కడే రాస్తున్నాము. పెద్దత్త చెప్పినట్టుగానే.

ముందు డబ్బాను చూడాలి. ఉబ్బినది, కారుతున్నది, అతుకు దగ్గర నొక్కుకుపోయినది, తెరవగానే చిమ్మినది, ఏదైనా సరే రుచి చూడకుండా పారేయాలి. సరిగా వేడి తగలని డబ్బాలో పెరిగే విషం కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. బాగున్న డబ్బాను తెరవకుండానే పది నిమిషాలు వేడి నీళ్లలో నిలబెడితే లోపలి కొవ్వు కరిగి ముద్ద ముక్కలు కాకుండా జారి వస్తుంది. పొయ్యి మీద మాత్రం పెట్టకూడదు.

340 గ్రాముల డబ్బాకు రెండు పెద్ద ఎర్రగడ్డలు, రెండు ఉర్లగడ్డలు, రెండు టమాటాలు, గోలీకాయంత చింతపండు. నూరడానికి ఆరు ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, అర చెంచా మిరియాలు, రెండు లవంగాలు, చిన్న చెక్క, ఒక చెంచా గసగసాలు, గుప్పెడు పచ్చి కొబ్బరి, ఆరు వెల్లుల్లి రెబ్బలు, బొటనవేలంత అల్లం. దినుసులు విడిగా వేయించి, కొబ్బరి, అల్లం, వెల్లుల్లి చేర్చి మెత్తగా నూరుకోవాలి.

నూనె పోయనక్కరలేదు. డబ్బాలో పైన పేరుకున్న కొవ్వు రెండు చెంచాలు బాణలిలో కరిగిస్తే చాలు, మిగతాది తీసి పారేయాలి. అందులో కరివేపాకు, ఎర్రగడ్డలు ఎర్రగా వేయించాలి. పసుపు, టమాటాలు వేసి మగ్గాక నూరిన ముద్ద వేసి పచ్చివాసన పోయి నూనె తేలేదాకా కలుపుతూ ఉండాలి. ఈ కూరలో ఓపిక అంతా ఇక్కడే. ఎందుకంటే డబ్బా మాంసం ముందే ఉడికి ఉంది. పచ్చి మాంసంలాగా అరగంట మసాలాతో ఉడికిస్తే పీచు పీచు అయిపోతుంది. అందుకే మసాలా పని పూర్తిగా ముగించి, ఉర్లగడ్డ ముక్కలు, నీళ్లు వేసి, అవి మెత్తబడ్డాక చింతపండు రసం పోసి, చివరికి మాంసం వేయాలి. గరిటెతో తిప్పకూడదు, బాణలి పట్టుకుని కుదపాలి. సన్నటి సెగ మీద లోపలిదాకా కాగి పొగలు వచ్చేలా ఏడెనిమిది నిమిషాలు. దించేముందు కొత్తిమీర.

ఉప్పు వేయకూడదు. ఈ కూరకు ఇదే మూలసూత్రం. ఉప్పంతా డబ్బాలోనే ఉంది. ఉర్లగడ్డ ఉన్నది ఆ ఉప్పును పంచుకోవడానికి, చింతపండు ఉన్నది కొవ్వును విరవడానికి. మొత్తం దించి రుచి చూశాక, చాలకపోతే అప్పుడు ఒక చిటికెడు. డబ్బాలో సగం మిగిలితే అదే డబ్బాలో ఉంచకుండా వేరే గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. తినడానికి రాగి సంగటి మొదటి వరుస, వేడన్నం రెండోది. రొట్టెతో తింటే తప్పు లేదు గానీ పెద్దత్త ఒప్పుకోదు.

చదివారు కదా. తాలింపు, మగ్గించడం, నూరడం, చింతపండు, సంగటి. ఇందులో తెలుగు కానిది ఆ రేకు డబ్బా ఒక్కటే. దాన్ని ఎట్లాగూ పారేస్తాము.

సంఘం వాళ్లతో మాకు తగాదా పెట్టుకోవాలని లేదు. పుస్తకం వేయడం మంచి పనే, అచ్చు ఖర్చుకు మా వంతు కూడా ఇచ్చాము. అడిగేది ఒకటే. పాత వంట అడిగితే పాత వంట తీసుకోండి. మీకు నచ్చే పాతదనం కోసం మా అవ్వల చేత అబద్ధం ఆడించకండి.

ఇది చదివే మీ ఇళ్లలో కూడా ఇట్లాంటి వంట ఒకటి తప్పక ఉంటుంది. రేషన్ గోధుమ రవ్వతో చేసిందో, మిల్లు క్యాంటీన్ నుంచి నేర్చుకున్నదో, పక్కింటి మరాఠీ అక్క, ఒడియా వదిన చెప్పిందో. ఎవరైనా వస్తే వండనిది, మనవాళ్లే ఉంటే వండుకునేది. దాన్నే ముందు రాయండి. కొలతలతో రాయండి, ఎవరు చేసేవాళ్లో రాయండి, ఏ సంవత్సరం ఏ ఊళ్లో ఎందుకు చేయాల్సి వచ్చిందో రాయండి. పులిహోరకు రాసిపెట్టేవాళ్లు లక్షమంది ఉన్నారు. ఆ వంటకు మీరొక్కరే ఉన్నారు.